ఆదివారం పాలు ఎవరు పిండాలి?



ఈ ఆదివారం ఇంటి కాడ ఉండే వంతు మాది. మిగతా వాళ్ళు పొద్దున్నే కొండవీడు పోయారు. నేనూ మా ఇంటావిడా మూడు ఇళ్ళ గేదెల్ని చూసుకుంటా ఇక్కడ ఉన్నాం. మేత వేశాం, కుడితి పెట్టాం. సాయంత్రం పాలు తీసే దాకా పెద్ద పని లేదు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నా. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. గేదె ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే మాట ఇందులో ఒకటుంది.

"ఏడాదంతా పనేనా, ఆడమనిషిని తీసుకుని ఒక్కరోజు ఎక్కడికైనా పోవచ్చు కదా" అని ఎవరన్నా అంటే మనం ఏం చెప్తాం? డబ్బుల్లేవు అనం. "పాలెవరు పిండుతారు?" అంటాం. అది సాకు కాదు, నిజమే. పెళ్ళిళ్ళకి ఒకళ్ళు పోతే ఒకళ్ళు ఇంటి కాడ ఉండాల్సిందే. మా పెళ్ళయి 30 ఏళ్ళు దాటింది. ఇద్దరం కలిసి ఊరు దాటి రాత్రికి గానీ తిరిగి రాని రోజులు లెక్కపెడితే పది వేళ్ళు కూడా నిండవు. అవి కూడా ఆసుపత్రికో, చావుకో పోయిన రోజులు.

పైగా చలికాలం చూడండి. కోతలు అయిపోయి, మినుములు చల్లేసి, కాస్త ఊపిరి పీల్చుకునేది అప్పుడే. గేదెలు ఎక్కువగా ఈని పాలు పొంగేది కూడా అప్పుడే. చేలో తీరిక దొరికిన రోజుల్లోనే పాక కాడ తీరిక ఉండదు.

ఇదంతా మొదలైంది 2022లో. మా బావ భార్య, మా అక్క వరస, ఆ వేసవిలో కాలం చేసింది. మూడు రోజుల జ్వరం అనుకున్నాం, నాలుగో రోజు మనిషి లేదు. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక మేం నలుగురైదుగురం పందిట్లో కూర్చున్నాం. బావ ఎవరితోనూ మాట్లాడట్లేదు. ఉన్నట్టుండి అన్నాడు: "సూర్యలంక చూపించమని పదేళ్ళు అడిగిందిరా. మినుము పీకాక పోదాం అన్నా. ఏ ఏడు మినుము పీకినా ఏదో ఒక పని తగిలేది."

సూర్యలంక మా ఊరికి ఎంత దూరమో తెలుసా? మాది పొన్నూరు పక్క ఊరు. బాపట్ల పోయి, అక్కడి నుంచి ఇంకో 9 కిలోమీటర్లు పోతే సముద్రమే. గంటన్నర ప్రయాణం. హైదరాబాదు నుంచి జనం కార్లు వేసుకుని వచ్చి చూసి పోతారు. ఆమె మాత్రం చూడకుండానే పోయింది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక మా ఇంటావిడ గిన్నెలు కడుగుతా, నా వైపు చూడకుండానే అంది. "నేను కూడా చూడలేదు."

దానికి నా కాడ జవాబు లేదు.

ఆ ఏడు కార్తీకం వెళ్ళాక మేం నాలుగు ఇళ్ళ వాళ్ళం, బావతో కలిపి ఐదు, ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నాం. మా ఇల్లు, చెరువుగట్టు అన్నాయ్ ఇల్లు, మిల్లు కాడ బాబాయ్ ఇల్లు. ఈ మూడిళ్ళల్లో గేదెలున్నాయి. నాలుగోది ఆటో తమ్ముడిది, గేదెల్లేవు గానీ ఏడు సీట్ల ఆటో ఉంది. నాట్లప్పుడు మీ చేలో మేం, మా చేలో మీరు అని బదులు పని చేసుకునే వాళ్ళం కదా. అదే లెక్క ఇక్కడ పెట్టాం. ఆదివారం పొద్దున పాలు ఎవరివి వాళ్ళు తీసుకుని కేంద్రంలో పోసి బయల్దేరాలి. ఒక ఇంటి మొగుడూ పెళ్ళాం ఊళ్ళో ఉండి మిగతా ఇళ్ళ సాయంత్రం పాలు, మేత, నీళ్ళు చూడాలి. పై వారం ఇంకో ఇల్లు. అంతే. ఇంత చిన్న సంగతి 30 ఏళ్ళుగా ఎందుకు తట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

కానీ గేదె ఒప్పుకోవాలిగా! మా పెద్దగేదె సంగతి ఊరందరికీ తెలుసు. మా ఇంటావిడ తప్ప ఎవరు కూర్చున్నా చేపదు. దూడని వదిలినా పాలు పైకి ఎగబట్టుకుంటుంది. నేను కూర్చుంటేనే తన్నిద్ది, ఇంక పరాయి మనిషి కూర్చుంటే ఏం చేస్తదో. దాన్ని తలుచుకుని "మీరు పొండి, నేనుంటా" అంది మా ఆవిడ.

అప్పుడు బావ చెప్పాడు. "నీ పాత చీర ఒకటి మీ వదినకి ఇవ్వమ్మా. ఉతికింది కాదు, పాకలో కట్టుకునేది. అది చుట్టుకుని కూర్చుంటే చేపిద్ది."

"నీకెట్టా తెలుసు అన్నయ్యా?" అంది.

"మీ అక్క పోయాక మా గేదె ఎవరికీ చేపలా. ఆమె చీర నేను భుజాన వేసుకుని కూర్చున్నా. చేపింది. నెల రోజులు అట్టాగే తీశా." కాసేపాగి, "చీరకి వాసన పోయింది. గేదెని అమ్మేశా" అన్నాడు.

మేమెవరం ఏం మాట్లాడలేదు. మా ఆవిడ లోపలికి పోయి చీర తెచ్చింది.

మొదటి ఆదివారం ఉప్పలపాడు పోయాం. గుంటూరు పక్కన పక్షుల చెరువు. ఊరి మధ్యలోని నీళ్ళ చెరువులో తుమ్మ చెట్ల మీదా, వాటి కోసం పెట్టిన ఇనప స్టాండ్ల మీదా వేల పక్షులు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నల్లవీ తెల్లవీ పేరు తెలియనివి ఇంకెన్నో. ఆ ఊరి వాళ్ళు వాటి జోలికి ఎవర్నీ పోనివ్వరు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఎనకాల పడే కొంగల్ని చూశాం గానీ, అవి రాత్రికి ఎక్కడికి పోతాయో ఎప్పుడన్నా ఆలోచించామా? గూడబాతు ఎంత ఉంటదో అక్కడ చూడాలి. దిగేటప్పుడు కాళ్ళు ముందుకి చాపి, రెక్కలు విప్పి, కొమ్మ మీద అంత బరువూ పెడితే కొమ్మ నీళ్ళని తాకి లేచింది. మా పిన్ని "ఓయమ్మో, దూడంత ఉందే" అని గట్టిగా అరిచింది. పక్కన ఫొటోలు తీసుకునే పట్నం పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

అక్కడ అసలు చూడాల్సింది సాయంత్రం. మేతకి పోయిన గుంపులన్నీ నాలుగున్నర నుంచి తిరిగొస్తాయి. మేం అందరం తలెత్తి చూస్తున్నాం. మా ఆవిడ మాత్రం ఫోను చూస్తంది. "ఈ పాటికి కూర్చుని ఉండాలి. చేపిందో లేదో." ఐదింటికి తట్టుకోలేక వదినకి ఫోను చేసింది. వదిన "చేపింది గానీ నీ చీర నాకు పొట్టి" అంది. అంతే, ఇద్దరూ ఫోనులో పది నిమిషాలు నవ్వుకున్నారు. ఆకాశం నిండా పక్షులు దిగతా ఉంటే మా ఆవిడ ఫోను పెట్టేసి అప్పుడు తలెత్తింది. చీకటి పడే దాకా దించలేదు.

ఆ రోజు మాకు పాలు ఒక లీటరు తగ్గాయి, వెన్న శాతం కూడా తగ్గింది. ఎందుకో మీకు తెలుసు. చివరి పాలల్లోనే వెన్న ఎక్కువ. వదిన భయపడి చివరి దాకా పిండలేదు. పొదుగులో పాలు మిగలడం మంచిది కాదు, పొదుగువాపు వచ్చుద్ది. రాత్రి రాగానే మా ఆవిడ కూర్చుని మిగిలిన పాలు తీసేసింది. రెండోసారి నుంచి వదినకి ధైర్యం వచ్చింది. ఇప్పుడైతే మా పెద్దగేదె చీర లేకుండానే ఆమెకి చేపుద్ది. ఒక్క జాగ్రత్త చెప్తా. ముందు రెండు మూడు రోజులు కొత్త మనిషిని పక్కన నిలబెట్టి దాణా ఆమె చేత్తో పెట్టించండి. ఒకేసారి కూర్చోబెడితే తన్నులు తప్పవు.

ఊళ్ళో మాటలు పడ్డాం. రచ్చబండ కాడ "ముసలోళ్ళకి హనీమూనంట" అన్నారు. మా అమ్మ అయితే "మీ నాయన ఉండగా తిరపతి తప్ప గడప దాటలేదు, ఇదేం చోద్యం" అని వారం సాధించింది. మూడో వారం నుంచి ఆమే "ఈసారి ఎక్కడికి?" అని అడిగేది.

సూర్యలంక ఆ జనవరిలో పోయాం. ఆ రోజు బాబాయ్ వాళ్ళది ఇంటి కాడ వంతు. ఆరింటికి బయల్దేరాం గానీ విపరీతమైన మంచు. తాటి చెట్లు కూడా కనపట్లేదు. ఆటో లైటు వేస్తే ఎదురుగా తెల్ల గోడ నిలబడ్డట్టుంది. తమ్ముడు పది కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు. బావకి ఓపిక పోయింది. "ఆపరా, నేను టార్చి పట్టుకుని ముందు నడుస్తా, నా ఎనకే రా" అని దిగాడు. తెల్ల పంచె, చేతిలో టార్చి. ఆయన నడుస్తుంటే ఎనక మేం. ఆడోళ్ళు ఒకటే నవ్వు, పెళ్ళికొడుకు ఊరేగింపులాగా ఉందని.

రెండు ఫర్లాంగులు పోయామో లేదో బావ "ఆపు ఆపు" అని అరిచాడు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు. టైరు పంచరయ్యి నడిరోడ్డు మీద ఆగి ఉంది. ఎనక లైటు లేదు, స్టిక్కరు లేదు, గడ్డి రంగూ మంచు రంగూ ఒకటే. బావ దిగకపోయుంటే ఎంత మెల్లగా పోయినా ఆ గడ్డిలోకి దూరే వాళ్ళం. ట్రాక్టరు కుర్రాడు ఇంకో టైరు కోసం ఎవరి బండో ఎక్కి పోయాడంట, అక్కడ మనిషి లేడు. మా ఎనక ఏ బస్సో వస్తే ఏంటి గతి? అందరం దిగాం. తుమ్మ కొమ్మలు విరిచి యాభై గజాల ఎనక రోడ్డు మీద వేశాం. వదిన కాడ ఎర్ర తువ్వాలుంటే అన్నాయ్ అది పట్టుకుని నిలబడ్డాడు, నేను టార్చి ఊపుతా నిలబడ్డా. పావుగంటకి నిజంగానే బస్సు వచ్చింది. డ్రైవరు బ్రేకు వేసి దిగి వచ్చి, ట్రాక్టరుని చూసి, తల మీద చెయ్యి పెట్టుకుని కాసేపు అట్టాగే నిలబడ్డాడు. బస్సు నిండా జనం ఉన్నారు. ఎనిమిదింటికి మంచు పలచబడే దాకా మేం అక్కడే ఉన్నాం.

మన ట్రక్కులన్నిటికీ ఇదే చెప్తున్నా. ఎనక ఎర్ర రేడియం స్టిక్కరు అతికించండి. ఖర్చు ఎంతో కాదు. గడ్డి వేసినప్పుడు అది కనపడకుండా పోతుంది, కాబట్టి గడ్డి మీద కూడా ఒక ఎర్ర గుడ్డ, రేడియం ముక్క కట్టండి. మేం ఆ మర్నాడే మా నాలుగిళ్ళ బండ్లకి అతికించాం.

సముద్రం కాడికి చేరేసరికి తొమ్మిది దాటింది. సరుగుడు తోట దాటి ఇసకలోకి వచ్చే దాకా ఆడోళ్ళు మాట్లాడతానే ఉన్నారు. నీళ్ళు కనపడగానే ఆగిపోయారు. మా ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని, "అవతలి గట్టు లేదేంటయ్యా" అంది. కాలువలూ చెరువులూ చూసిన మనిషి. గట్టు లేని నీళ్ళు చూడటం అదే మొదలు.

బావ ఆటో దిగలేదు. "చెప్పులూ క్యారేజీలూ నేను చూస్తా, మీరు పొండి" అన్నాడు. నేను పోయి పిలిచా. "ఒద్దురా" అన్నాడు. ఇంకేం బలవంతం చెయ్యలా. మేం మోకాళ్ళ లోతు నీళ్ళల్లో ఆడుకుని వచ్చేసరికి క్యారేజీలు సర్ది, ఆకులు పరిచి ఉంచాడు. పులిహోర, పెరుగన్నం, గోంగూర పచ్చడి. ఇసక కొంచెం కరకరలాడింది. బావ తిన్నాడు. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుని తిన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం మాది ఇంటి కాడ వంతు, వాళ్ళు భట్టిప్రోలు పోయారు. మేం మరుసటేడు చూశాం. మన పక్కనే ఉన్న ఊరు, ఎన్నిసార్లు ఆ దారిన పోయామో. రెండు వేల ఏళ్ళకి పైబడిన బౌద్ధ స్తూపం అక్కడ ఉంది. 1892లో తవ్వినప్పుడు రాతి పెట్టెలు దొరికాయి. వాటి మీది అక్షరాలు మన ప్రాంతంలో దొరికిన బాగా పాత రాతల్లోవి. అంతకు ముందే ఆ స్తూపం రాళ్ళు కాలువ పనులకి పట్టుకుపోయారంట. మన కాలువలు తవ్విన రోజుల్లో ఏ రాయి ఏ తూముకి పోయిందో! బాబాయ్ అప్పటి నుంచి పాత తూము కనపడితే ఆగి రాళ్ళ మీద చెయ్యి పెట్టి చూస్తాడు.

కొండవీడు పోయింది ఫిబ్రవరిలో. రెడ్డిరాజుల కోట. అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి అక్కడికి మార్చాడు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటని గెలుచుకున్నాడు. ఇప్పుడు పైకి ఘాట్ రోడ్డు ఉంది. రోడ్డు ఉంది కదా అని మేం ఏడుగురం ఆటోలో ఎక్కాం. రెండో మలుపు కాడికి ఆటో మొండికేసింది. మగాళ్ళం దిగి నెట్టాం. కొంచెం పోయి మళ్ళీ ఆగింది. ఆడోళ్ళు కూడా దిగారు. అట్టా ఎక్కీ దిగీ, నెట్టీ నడిచీ సగం దూరం పోయేసరికి మా ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. "మీరు పొండి, నేను ఈ గోడ మీద కూర్చుంటా" అంది. వాళ్ళని పంపించి నేను ఆమె కాడ ఉండిపోయా.

కింద మిరప తోటలు ఎర్రగా, పత్తి చేలు తెల్లగా కనపడుతున్నాయి. మన డెల్టా కాదు, మెట్ట పైరు. ఇద్దరం చెక్కలు తింటా కూర్చున్నాం. నవ్వుకోకండి, పనేం లేకుండా మేమిద్దరమే అట్టా గంటసేపు కూర్చుంది పెళ్ళయ్యాక అదే మొదలేమో. ఏం మాట్లాడుకోవాలో మొదట తెలియలేదు. పైరు సంగతి, అప్పు సంగతి, పిల్లాడి ఉద్యోగం సంగతి అయిపోయాయి. అప్పుడు ఆమె అంది.

"నాకు పామంటే చచ్చేంత భయమయ్యా."

నాకు నవ్వొచ్చింది. "నీకా? రాత్రిళ్ళు ఇంజను కాడికి టార్చి పట్టుకుని నా ముందే నడిచేదానివి కదా."

మాది కాలువ చివరి భూమి. నీళ్ళు అందక డ్రైను మీద ఆయిలింజను పెట్టి రాత్రిళ్ళు తోడుకునే వాళ్ళం. ఇరవై ఏళ్ళు ఆమె నాతో గట్ల మీద తిరిగింది. ఒక్కరోజు కూడా రానని అనలేదు.

"నువ్వొక్కడివే పోతావని వచ్చేదాన్ని. ముందు నేను నడిస్తే టార్చి నా చేతిలో ఉంటది, నీ కాలి కింద కూడా నేనే చూడొచ్చని" అంది.

ఇరవై ఏళ్ళు ఆ మాట నాకు తెలియదు. ఇంటి కాడ ఉంటే ఇంకో ఇరవై ఏళ్ళయినా తెలిసేది కాదు. ఇంటి కాడ మన మాటలన్నీ పని మాటలే. మేత వేశావా, మోటారు ఆపావా, పాల లెక్క రాశావా. ఆ మాటలకి తెరిపి దొరికితేనే ఇట్టాంటివి బయటికొస్తాయి.

పైన చెరువులున్నాయంట, మూడు. కాలువ లేని కొండ మీద వాన నీళ్ళు పట్టి కోట మొత్తానికి తాపారు. బాబాయ్ దిగొచ్చి, ఆ కట్టలు ఎట్టా కట్టారో చేతులు తిప్పి తిప్పి చెప్పాడు. నేను సగమే విన్నా.

ఇక 2023 సంగతి మీకు చెప్పక్కర్లేదు. డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల కాడే తీరం దాటింది. మా 5 ఎకరాల్లో, అందులో 3 కౌలువి, సగం పనల మీద ఉంది, సగం నిలబడి ఉంది. నిలబడిందంతా పడుకుంది. పనల మీదది నీళ్ళల్లో తేలింది. నీళ్ళు తీసేసరికి గింజ మొలకెత్తింది. ఎకరాకి 30 బస్తాలు చూసే చేలో 14 వచ్చాయి, అవి కూడా రంగు మారినవి. కౌలు మాత్రం 15 బస్తాలు. అంటే కౌలు చేలో మాకు మిగిలింది గడ్డి కూడా కాదు, అప్పు.

ఆ ఏడు ఎక్కడికీ ఒద్దనుకున్నాం. తిరగడానికి మొహం చెల్లలేదు. నాలుగిళ్ళదీ అదే పరిస్థితి. "మన ఇంట్లో ఇట్టా ఉంటే పులిహోర కట్టుకుని పోతామా" అంది మా ఆవిడ. నేనూ సరే అన్నా.

సంక్రాంతి వెళ్ళాక బావ వచ్చాడు. "ఈ ఆదివారం సూర్యలంక పోదాం" అన్నాడు. పోయినేడు ఆటో దిగని మనిషి! "నేను దాన్ని నాలుగు మాటలు అనాలిరా. నాకు ఒకటి కాదు, రెండు బాకీలున్నాయి."

పోయాం. ఈసారి బావే ముందు దిగాడు. పంచె ఎగ్గట్టి నీళ్ళ దాకా పోయాడు. చాలాసేపు నిలబడ్డాడు. తిట్టాడో, మాట్లాడాడో, మాకు వినపడలేదు. అలల హోరు. మా ఆవిడ మాత్రం అందరికీ వినపడేట్టే తిట్టింది. పక్కింటి గేదె మన చేలో పడితే ఎట్టా తిడతారో అట్టా. "నీకేం పోయేకాలం, ఇంత జాగా పెట్టుకుని మా ఐదెకరాలే కావాల్సి వచ్చాయా, నీ నీళ్ళు తాగటానికి పనికొస్తాయా, పైరుకి పనికొస్తాయా" అని. వదిన అందుకుంది, తమ్ముడి భార్య అందుకుంది. అక్కడ వేరే వాళ్ళు తిరిగి చూస్తున్నారు. చివరికి నవ్వొచ్చి ముగ్గురూ ఇసకలో కూలబడ్డారు. నవ్వుతుంటే మా ఆవిడ కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. ఏవి ఏ నీళ్ళో నేను అడగలేదు.

బావ తిరిగొచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. ఈసారి సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

అప్పు తీరిందా అంటే తీరలేదు. అందులో కొంత ఇంకా ఉంది. షికారు పోతే అప్పు తీరదు, పోకపోయినా తీరదు. కానీ ఆ డిసెంబరులో మేం నాలుగిళ్ళ వాళ్ళం ఎవరి ఇంట్లో వాళ్ళం తలుపు వేసుకుని కూర్చున్నాం. ఎవరి కష్టం వాళ్ళం లెక్కేసుకుంటా. సూర్యలంక నుంచి వచ్చే దారిలో ఆటోలో మొదటిసారి అందరం నోరు తెరిచి ఎవరికెంత పోయిందో చెప్పుకున్నాం. మరుసటి వారం అన్నాయ్ మినుముకి మందు కొట్టే డబ్బుల్లేవని ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటే, బాబాయ్ తన స్ప్రేయరు, మందు పట్టుకుని అతని చేలోకి పోయాడు. అడగకుండానే. ఎందుకంటే ఆటోలో విన్నాడు గనక.

మా లెక్కలు కూడా చెప్తా, మీకు పనికొస్తే తీసుకోండి. డీజిలు అందరూ పంచుకుంటే, టీలూ టిక్కెట్లూ కలుపుకుని ఇద్దరికీ 400 రూపాయల లోపే అవుద్ది. అన్నం ఇంటి నుంచే. మందు తాగేవాడు ఆటో ఎక్కకూడదు, ఇది ఆడోళ్ళు పెట్టిన నిబంధన, ఒక్కసారి కూడా తప్పలేదు. ఎవరి గేదె ఈనడానికి సిద్ధంగా ఉన్నా ఆ వారం వాళ్ళు కదలకూడదు. పైరుకి మందు కొట్టాల్సి వస్తే ప్రయాణం ఆగుద్ది. వంతులు పుస్తకంలో రాసుకోవాలి, నోటి లెక్క పెట్టుకుంటే తగాదాలొస్తాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాలుగైదు ఆదివారాలు, అంతే. ఇది మాకు మూడో చలికాలం.

"మా ఊళ్ళో అట్టా కుదరదండీ, ఎవరికి వాళ్ళే" అంటారేమో. మా ఊళ్ళో కూడా ఎవరికి వాళ్ళమే. గట్ల కాడ తగాదాలు, నీళ్ళ కాడ తగాదాలు అన్నీ ఉన్నాయి. అన్నాయ్‌తో నాకు 2011లో గట్టు తగువే, రెండేళ్ళు మాటల్లేవు. ఇప్పుడు ఆయన గేదె పాలు మా ఆవిడ పిండుతుంది.

పోయినసారి మేం కొండవీడు పోయినప్పుడు అన్నాయ్ వాళ్ళది ఇంటి కాడ వంతు. వాళ్ళు చూడలేదు. అందుకే ఈ వారం వాళ్ళ కోసం మళ్ళీ అక్కడికే పోయారు. ఇందాక ఫోటో పంపారు. ఆటోని బావ, బాబాయ్, అన్నాయ్ ఎనక నుంచి నెడుతున్నారు, వదిన ముందు నిలబడి వేలు చూపిస్తంది. రెండో మలుపు కాడే అయ్యుంటుంది.

నాలుగున్నర అయింది. మా ఆవిడ వదిన చీర చుట్టుకుని పాకలో నుంచి పిలుస్తంది, దూడని వదలమని. ఐదు గేదెలు తియ్యాలి. ఉంటాను.

మీలో ఎంతమంది ఇంటావిడలు సముద్రం చూడలేదో ఈ రాత్రి ఒకసారి అడగండి. అడిగి, ఆమె ఏమందో కింద రాయండి. వచ్చే ఆదివారం మీ గేదెని ఎవరు చూస్తారో కూడా రాయండి.